టేకాకు కింద బేరం

అనగనగా ఒక కాలాన, మనుషులకు ఊళ్లున్నట్టే జంతువులకూ వాడలుండేవి, వీధులుండేవి, ఇళ్ల బేరాలుండేవి. ఆ కాలంలో ఎర్రగుట్ట అడవి అని ఒక అడవి. ఆ గుట్ట వాలులో ఒక ఏదుపంది కాపురముండేది. ఒంటి నిండా జానెడేసి ముళ్లు, మనసు మాత్రం వెన్న. అందరూ దాన్ని ఏదమ్మ అని పిలిచేవారు.

ఏదమ్మ బొరియ ఆషామాషీ బొరియ కాదు. తన గోళ్లతో తానే తవ్వుకున్నది. మూడు గదులు, రెండు వాకిళ్లు. ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉండేది. ఒక్కటే లోపం. పెద్ద వాన కురిస్తే పడమటి వాకిలి గుండా జానెడు నీళ్లు లోపలికి వచ్చేవి.

అంత ముచ్చటైన ఇంటిని ఏదమ్మ అమ్మదలుచుకుంది. ఎందుకంటారా? గుట్ట నేల గట్టి నేల. వయసులో ఉన్నప్పుడు ఏదమ్మ రాళ్ల మధ్య నుంచి కూడా దుంప పెకిలించి తెచ్చేది. ఇప్పుడు గోళ్లు అరిగిపోయాయి. పొద్దుటి నుంచి తవ్వితే పొద్దు వాలేసరికి ఒక్క దుంప దొరకడం గగనమైపోయింది.

వాగు అవతల ఇసుకమిట్ట ఉంది. అక్కడ నేల పిండిలా మెత్తగా ఉంటుంది. ఆ మిట్ట మీద కొక్కయ్య అనే పందికొక్కు ఖాళీగా ఉన్న తన పాత బొరియను నలభై దుంపలకు ఇస్తానన్నాడు.

"తొలకరి దాకా ఆగుతాను ఏదమ్మా," అన్నాడు కొక్కయ్య. "ఆపైన వాగు పొంగుతుంది. నువ్వొస్తావో రావో నాకు కబురందదు. అప్పుడు ఇంకొకరికి ఇచ్చేస్తాను. తర్వాత నన్ను ఆడిపోసుకోకు."

కాబట్టి తొలకరిలోగా ఇల్లు అమ్ముడుపోవాలి. నలభై దుంపలు చేతికి రావాలి. లేకపోతే అరిగిన గోళ్లతో ఆ గట్టినేల మీద మళ్లీ ఏడాది పొడుగునా కుస్తీ పట్టాలి.

ఏదమ్మకు ఇంకో చిక్కు కూడా ఉంది. ఈమధ్య మరుపు ఎక్కువైంది. ఏదైనా గుర్తుంచుకోవాలంటే ఒంటి మీది ముల్లు ఒకటి పీకి గోడకు గుచ్చేది. కొక్కయ్య పెట్టిన గడువుకు ఒక ముల్లు, పొరుగింటికి ఇవ్వాల్సిన చేటకు ఒక ముల్లు. చివరికి గోడంతా ముళ్లే. ఏ ముల్లు దేనికో తెలియక గోడ ముందు నిలబడి బుర్ర గోక్కునేది.

అయినా పట్టుదలకేం తక్కువ లేదు. "నేను తవ్విన ఇల్లు నేను అమ్ముకోలేనా? మధ్యలో మధ్యవర్తి దేనికి? వాడికి నా దుంపలు దేనికి?" అనుకుని, కొనేవాళ్లకు తానే కబురు పెట్టింది.

మొదట ఉడుము వచ్చాడు. ఇల్లంతా పాకి చూశాడు.

"గదులు కాస్త ఇరుకే సుమీ," అన్నాడు.

అంతే. ఏదమ్మ ముళ్లన్నీ ఒక్కసారి నిక్కబొడుచుకున్నాయి. "ఇరుకా! ఈ ఇంట్లో ఆరుగురిని పెంచాను! నీ తోక పొడుగై ఇల్లు ఇరుకంటావా?" అని మీదికి వెళ్లింది. ఉడుము వెనక్కి తిరిగి చూడకుండా పరుగు తీశాడు.

తర్వాత కుందేలు వచ్చింది. ఈసారి కోపం తెచ్చుకోకూడదని ఏదమ్మ ఒట్టు పెట్టుకుంది. కోపమైతే రాలేదు కానీ కబుర్లు వచ్చాయి. "ఇదిగో ఈ మూలనే మా పెద్దది మొదటిసారి ముళ్లు విప్పింది. ఇక్కడే మా రెండోవాడు కొండచిలువను చూసి మూర్ఛపోయాడు. అన్నట్టు, ఈ మూలనే మా పెద్దది మొదటిసారి ముళ్లు విప్పింది, చెప్పానా?" అంటూ చెప్పిందే చెప్పింది. కుందేలు చెవులు రెండూ వాలిపోయాయి. అక్కడే కునుకు తీసి, లేచి, దండం పెట్టి వెళ్లిపోయింది.

మూడోసారి అడవిపిల్లి వచ్చింది. ఇక్కడ మీకు ఆ అడవి కట్టుబాటు ఒకటి చెప్పాలి. అక్కడ ఇంటి ధర ఎవరూ పైకి పలకరు. ఒక పెద్ద టేకాకు పరిచి, దాని కింద చేతులు కలుపుతారు. ఒక్క పట్టు పడితే పది. ఒక్క తట్టు తడితే ఒకటి. ఎవరి ధర ఎంతో ఆ రెండు చేతులకే తెలుస్తుంది. చుట్టూ చూసేవాళ్లు బేరం చెడగొట్టకుండా పెద్దలు పెట్టిన పద్ధతి అది. ఆకు పట్టుకుని చెప్పిన మాట కూడా అంతే. ఆకు దాటి పోకూడదు.

పాపం, ఏదమ్మ ఆ రోజు టేకాకు పరవడమే మరిచిపోయింది. అడవిపిల్లి ఇల్లు చూసి, మీసం దువ్వి, "ఎంతకిస్తావు అత్తా?" అనగానే, "నలభై వస్తే చాలే అమ్మా!" అని పైకే అనేసింది.

"ముప్పై ఇస్తా," అంది అడవిపిల్లి.

"నలభై అన్నాను కదే!"

"చాలే అన్నావు కదత్తా. చాలే అన్నవాళ్లు ఇంకాస్త దిగుతారు," అని తోక ఊపుకుంటూ వెళ్లిపోయింది.

ఇలా పది రోజులు గడిచిపోయాయి. చీమలు గుడ్లు మోసుకుని మెట్టకు ఎక్కడం మొదలుపెట్టాయి.

పక్క బొరియలో ఒక అలుగు ఉండేది. ఒంటి నిండా పొలుసులు, బెదిరితే బంతిలా చుట్టుకుపోవడం దాని అలవాటు. ఏదమ్మకు ప్రాణస్నేహితురాలు. ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు. సంగతంతా విని అలుగు కిసుక్కున నవ్వింది.

"నువ్వు బంగారం లాంటి దానివి వదినా. కానీ నీ ఇల్లు నువ్వు అమ్ముకోలేవు. ఎవరైనా వంక పెడితే పొడుస్తావు. మెచ్చుకుంటే కథలు చెబుతావు. ధర అడిగితే కడుపులో ఉన్నది కక్కేస్తావు."

"మరి నా దుంపలు వాడెవడికో ధారపోయమంటావా?"

"మూడు నాలుగు దుంపలు పోతాయి. నిజమే. అవి మిగుల్చుకుందామని పది రోజులు పోగొట్టుకున్నావు. ఇంకో పది పోతే మిట్ట మీది ఇల్లే పోతుంది. ఏది ఎక్కువో నువ్వే చూసుకో."

ఏదమ్మ గోళ్ల వంక చూసుకుంది. ఏది ఎక్కువో తెలిసిపోయింది. "సరే, పిలిపించు," అంది.

ఎర్రగుట్ట అడవిలో ఇళ్ల బేరాలు కుదిర్చేవాళ్లు ముగ్గురు.

మొదట నెమలి పింఛయ్య వచ్చాడు. ఇంటి ముందు పురి విప్పి ఒక చుట్టు తిరిగాడు. లోపలికి మాత్రం రాలేదు. పురి పాడవుతుందట.

"లోపలికి చూసేదేముందమ్మా, చూడకుండానే చెబుతాను. ఇది ఇల్లు కాదు, రాజమహలు! ఎనభై దుంపలు ఇప్పిస్తాను. నాకు పది ఇవ్వు చాలు."

ఎనభై అనే మాట వినగానే ఏదమ్మకు కాళ్లు నేల మీద నిలవలేదు. గోడకు ఒక ముల్లు గుచ్చింది.

రెండోవాడు కాకయ్య అనే కాకి. వస్తూనే వరస కలిపాడు. "అక్కా, నాకు తెలియని గూడు లేదు, నేను వాలని కొమ్మ లేదు. పొద్దున ఒక మాట చెబితే మధ్యాహ్నానికి అడవంతా తెలిసిపోతుంది. నాకు రెండు దుంపలిస్తే చాలక్కా, మనలో మనకేముంది!"

రెండే దుంపలు! ఏదమ్మ ఇంకో ముల్లు గుచ్చింది.

మూడోవాడు ఎండ్రయ్య అనే ఎండ్రకాయ. వాగు గట్టు నుంచి అడ్డంగా నడుస్తూ వచ్చేసరికి ఒక పూట పట్టింది. దారిలో కాకయ్య పైనుంచి, "నేరుగా నడవడం చేతకానివాడికి నేరుగా ఉన్న బేరాలెందుకురా!" అని ఎగతాళి చేశాడు. ఎండ్రయ్య తల ఎత్తి చూడను కూడా లేదు.

వచ్చినవాడు నేరుగా లోపలికి వెళ్లి మూడు గదులూ తిరిగాడు. గోడలు కొండితో తట్టి చూశాడు. పడమటి వాకిలి దగ్గర ఆగి, "ఇక్కడ నీళ్ల చార ఉంది. ఎంత దాకా వస్తాయమ్మా?" అని అడిగాడు.

ఏదమ్మ ముళ్లు సగం లేచాయి. కానీ తమాయించుకుంది. "పెద్ద వానకు జానెడు వస్తాయి నాయనా."

"ఊఁ. ఎందుకమ్ముతున్నావు? ఎప్పటిలోగా? కొనేవాళ్లు ఎలాంటివాళ్లయితే నీకిష్టం? ఇంతకుముందు ఎవరెవరికి చూపించావు?"

ఇన్ని ప్రశ్నలు వేసేసరికి ఏదమ్మకు తల తిరిగింది. చివరికి ఎండ్రయ్య అన్నాడు: "నలభై అయిదు వస్తాయమ్మా. అంతకంటే వస్తాయని చెబితే నీ దగ్గర మెప్పు కోసం చెప్పినట్టే. నాకు నాలుగు దుంపలు. ఇల్లు అమ్ముడుపోతేనే సుమా."

ముగ్గురినీ వేరువేరుగా కూర్చోబెట్టి, టేకాకు పట్టించి, ఏదమ్మ తన గుట్టు చెప్పింది. "నలభైకి తగ్గితే నాకు గిట్టదు. గోళ్లు అరిగిపోయాయి, తొలకరిలోగా నేను వాగు దాటాలి." ఆకు మీద నమ్మకంతో ముగ్గురికీ చెప్పేసింది. "రెండు రోజుల్లో ఎవరో ఒకరికి కబురు పెడతాను," అని పంపేసింది.

ఇక ఎవరిని పెట్టుకోవాలి? ఎనభై అన్నవాడినా? రెండే అడిగినవాడినా? ప్రశ్నలతో చంపినవాడినా?

"వాళ్లు మనతో ఎలా మాట్లాడారో చూశాం," అంది ఏదమ్మ. "కొనేవాళ్లతో ఎలా మాట్లాడతారో చూడొద్దూ? రేపు మాట్లాడేది వాళ్లతోనే కదా. వదినా, నువ్వు వెళ్లు. నీ కూతురికి ఇల్లు కొంటానని చెప్పు. రెండే రెండు మాటలు అడుగు. ఇంట్లోకి నీళ్లు వస్తాయా? ఆఖరికి ఎంతకిస్తుంది?"

అలుగు ఒళ్లు దులుపుకుని బయల్దేరింది. ఆ మర్నాటికి తిరిగొచ్చింది. వస్తూనే చతికిలబడి, "ముందు మంచినీళ్లు ఇవ్వు వదినా," అంది. నీళ్లు తాగి చెప్పడం మొదలుపెట్టింది.

"పింఛయ్యను అడిగాను. ఇంట్లోకి నీళ్లు వస్తాయా అంటే, 'నీళ్లా! ఆ ఇంట్లోకి మంచు బిందువు కూడా అడక్కుండా రాదు!' అన్నాడు. పక్కింట్లో ఉంటాను, పోయిన వానాకాలం నీతో కలిసి నీళ్లు తోడాను కదా, నాకే చెప్పాడు! ఆఖరి ధర ఎంత అంటే ఎనభై, కొండ మీది సింహం తొంభైకి అడుగుతున్నాడు అన్నాడు. వచ్చిన నవ్వు ఆపుకోలేక బంతిలా చుట్టుకుపోయాను."

"వాడి ముల్లు పీకేద్దాం," అంది ఏదమ్మ. పీకేసింది. "తర్వాత?"

"తర్వాత కాకయ్య. వదినా, కాకయ్య నోట ఒక్క అబద్ధం రాలేదు! నీళ్లు వస్తాయా అంటే, వస్తాయమ్మా, జానెడు వస్తాయి అన్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆఖరి ధర అంటే, నలభై అని కుండబద్దలు కొట్టాడు. అంతటితో ఆగలేదు. తొలకరిలోగా ఆమె వాగు దాటాలి, గోళ్లు అరిగిపోయాయి, పది రోజులు ఆగు, ముప్పైకే కాళ్లబేరానికి వస్తుంది అని కూడా చెప్పాడు. నిజాయితీపరుడంటే వాడే."

"మరి ఎండ్రయ్య?" అంది ఏదమ్మ.

"ఇక ఆ ఎండ్రయ్య ఉన్నాడే! మొండిఘటం. నీళ్ల సంగతి అడిగితే, 'జానెడు వస్తాయి, రా చార చూపిస్తాను, గడప ఒక్క జానెడు ఎత్తితే ఇక రావు' అన్నాడు. బాగుంది. ఆఖరి ధర అడిగితే మాత్రం, 'అది ఆకు కింద చెప్పిన మాట, ఆకు కిందే ఉంటుంది' అన్నాడు. నేను ఏదమ్మ స్నేహితురాలినయ్యా అన్నాను. 'అంత స్నేహముంటే ఆమెనే అడగొచ్చు కదమ్మా, నన్నెందుకు?' అన్నాడు! నీకు వేరేగా అయిదు దుంపలిస్తానన్నాను. 'ఒక బేరానికి ఒకరి దగ్గరే తీసుకుంటాను' అన్నాడు. ఎంత పొగరు! నా మాట విని కాకయ్యను పెట్టుకో వదినా. అబద్ధం ఆడడు, అడిగిందీ రెండే దుంపలు."

ఏదమ్మకు కూడా మొదట అలాగే తోచింది. నిజమే కదా చెప్పాడు. నిజం చెప్పినవాడిని కాదనడం ఎలా? కాకయ్య ముల్లు పట్టుకుని చాలాసేపు గోడ ముందు నిలబడింది.

అప్పుడు అలుగు కాస్త సిగ్గుపడుతూ అంది. "ఇంకో మాట వదినా. చెబితే నవ్వుతావు. కాకయ్య ఆ ముప్పై మాట చెప్పాక, దారంతా నాకే అనిపించింది. పోనీ ఇంకో పది రోజులు ఆగి, ముప్పైకి నేనే కొనేస్తేనో అని! మా అమ్మాయికి పనికొస్తుంది కదా అని!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఏదమ్మ ముళ్లు గలగలలాడేలా నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

"చూశావా వదినా! నా ప్రాణస్నేహితురాలికే ఆశ పుట్టించాడు. ఇక దారిన పోయేవాడికి పుట్టదా? ఇంట్లోకి నీళ్లొస్తాయన్న నిజం కొనేవాడిది. వాడు నీళ్లలో పడుకోవాల్సినవాడు కాబట్టి వాడికి చెప్పాల్సిందే. నా గోళ్లు అరిగాయన్న నిజం నాది. అది ఆకు దాటించి వాడెందుకు పంచిపెట్టాలి?"

అలుగు నాలుక కరుచుకుంది. "ఎండ్రయ్య రెండింటినీ వేరు చేశాడు కదూ. నాకు ఒళ్లు మండింది కానీ, మండాల్సిందే మరి."

కాకయ్య ముల్లు కూడా ఊడింది. ఎండ్రయ్యకు కబురు వెళ్లింది.

అయితే ఏదమ్మ చేసిన పొరపాటు ఒకటి అప్పటికే చేయి దాటిపోయింది. ఒక్కరికి చెప్పాల్సిన గుట్టు ముగ్గురికి చెప్పింది కదా! మర్నాడు పొద్దున ముంగిసయ్య అనే ముంగిస ఇల్లు చూడ్డానికి వచ్చాడు. పల్లంలో కాపురం, నలుగురు పిల్లలు. ఇల్లు బాగా నచ్చింది. పిల్లలు పడుకునే గది ఏదో కూడా అప్పుడే చూసుకున్నాడు. కానీ ఎండ్రయ్య వచ్చి టేకాకు కింద చేయి పెట్టమంటే వెనక్కి తీసుకున్నాడు.

"తొందరేముందిలే. వాన పడనీ," అన్నాడు.

అటుగా అడవిపిల్లి కూడా వచ్చింది. "అత్తా, ముప్పై అన్నాను కదూ? ఇప్పుడు ఇరవై అయిదు. వాన పడితే ఇరవై," అని మీసం దువ్వింది.

కాకయ్య అన్నట్టే పొద్దున చెప్పిన మాట మధ్యాహ్నానికి అడవంతా తిరిగొచ్చింది.

ఏదమ్మ కూలబడిపోయింది. "నా నోరే నా కొంప ముంచింది నాయనా. ఇక ఎవరూ కొనరు. వాన కోసమే కాచుక్కూచుంటారు. నలభై ఎక్కడ, ఇరవై ఎక్కడ! మిట్ట మీది ఇల్లు పోయినట్టే."

ఎండ్రయ్య కళ్లు రెండూ పైకెత్తి కాసేపు ఆలోచించాడు.

"బయటికి పోయిన మాటను వెనక్కి తేలేం అమ్మా. కాదని బుకాయిస్తే నేనూ పింఛయ్యనైపోతాను. మాటను మార్చకుండా సంగతినే మార్చాలి. కొక్కయ్య తొలకరి దాకానే ఎందుకు ఆగుతానన్నాడు?"

"వాగు పొంగితే కబురందదని."

"వాగు పొంగితే నీకు దాటడం కష్టం. నాకు కాదు కదా! ఇంకో మాట. వానలు పడితే ఈ గట్టినేల ఎలా ఉంటుంది?"

ఏదమ్మ కళ్లు పెద్దవయ్యాయి. "మెత్తబడుతుంది! మూడు నెలలు మెత్తగానే ఉంటుంది. అరిగిన గోళ్లకు కూడా దుంపలు దొరుకుతాయి. అయ్యో, ఇన్నేళ్లున్న నేలను మరిచిపోయానే!"

"అయితే వాగు తగ్గేదాకా నువ్వు ఇక్కడ హాయిగా ఉండగలవు. కొక్కయ్య ఒప్పుకుంటే చాలు."

ఎండ్రయ్య ఆ పూటే అడ్డంగా నడుస్తూ వాగు దాటి ఇసుకమిట్టకు వెళ్లాడు. మర్నాడు సాయంత్రానికి తిరిగొచ్చాడు.

"కొక్కయ్య ఏమన్నాడు?" అని ఏదమ్మ, అలుగు ఒక్కసారే అడిగారు.

"ఖాళీ బొరియలో పాము దూరుతుందేమోనని అతని భయం. వరద ఎంతున్నా పదిహేను రోజులకోసారి నేను వెళ్లి చూసి వస్తానన్నాను. కబురు కూడా నేనే మోస్తానన్నాను. వాగు తగ్గేదాకా ఆగుతానన్నాడు. బయానాగా నాలుగు దుంపలు అడిగాడు."

ఇంట్లో దాచుకున్నవి సరిగ్గా అయిదున్నాయి. ఏదమ్మ నాలుగు తీసి ఇచ్చింది. ఎండ్రయ్య వాటిని ఒక్కొక్కటిగా దొర్లించుకుంటూ వాగు దాటించాడు. ఆ తర్వాత ఏదమ్మ, అలుగు కలిసి బంకమట్టి తొక్కి పడమటి గడపను జానెడున్నర ఎత్తారు. అలుగు తోకతో చదును చేసింది. ఎండ్రయ్య కొండితో కొలిచి, "ఇటు పక్క ఇంకో రవ్వ," అంటూ వంకలు పెట్టాడు. ఏదమ్మ ఒక్క ముల్లు కూడా లేపలేదు.

నాలుగు రోజులకు మబ్బులు కమ్ముకున్నాయి. ఉరుము ఉరిమింది. అడవిపిల్లి అందరికంటే ముందు వచ్చి కూర్చుంది. వెనకే ముంగిసయ్య వచ్చాడు. ఇల్లాలు, నలుగురు పిల్లలు కూడా ఉన్నారు.

"ఏం అత్తా, వానొచ్చింది! ఇరవై," అంది అడవిపిల్లి.

"వస్తే రానీ. గడప ఎత్తించాను," అంది ఏదమ్మ. ఆ మాట అని తాపీగా ఒక వేరు నమలసాగింది.

ముంగిసయ్య కంగారుగా ఎండ్రయ్యను పక్కకు పిలిచాడు. "తొలకరిలోగా వెళ్లాలి కదయ్యా ఆమె? కాకయ్య చెప్పాడే!"

"కాకయ్య చెప్పింది మొన్నటి మాట. అప్పటికి అది నిజమే," అన్నాడు ఎండ్రయ్య. "ఇప్పుడు వాగు తగ్గేదాకా గడువుంది. నమ్మకం లేకపోతే వెళ్లి కొక్కయ్యనే అడిగి రా. నేను తోడొస్తాను."

అంతలో వాన దిగింది. ధారలు ధారలుగా దిగింది. అందరూ బొరియలోకి దూరారు. పడమటి వాకిలి దగ్గర నీళ్లు వచ్చాయి, గడపకు తగిలాయి, అటే తిరిగి గుట్ట దిగిపోయాయి. లోపల ఒక్క చుక్క పడలేదు. ముంగిసయ్య చిన్నపిల్ల ఒకతె నడి గదిలో చుట్టచుట్టుకుని అప్పుడే నిద్రపోయింది.

ముంగిసయ్య ఇల్లాలు ఆ పిల్లను చూసింది. మొగుడిని చూసింది.

"పోయిన వానాకాలం పల్లంలో రాత్రంతా వీళ్లను నెత్తిన పెట్టుకుని నిలబడ్డాం. మళ్లీ నిలబడతావా? వాన కోసం ఆగుదాం, వాన కోసం ఆగుదాం అన్నావు. ఇదిగో వచ్చింది. ఎవరికొచ్చిందో చూడు!" అని గయ్యిమంది.

ముంగిసయ్య మారు మాట్లాడకుండా టేకాకు కింద చేయి పెట్టాడు. ఎండ్రయ్య కొండి కూడా ఆకు కిందికి వెళ్లింది. ఆకు కదిలింది, ఆగింది. మళ్లీ కదిలింది. ఎండ్రయ్య ఇటు తిరిగి ఏదమ్మ చేయి పట్టుకున్నాడు. నాలుగు పట్లు, అయిదు తట్లు. అంత పదును కొండి, ఎంత మెత్తగా తగిలిందో!

ముంగిసల అవసరం చూసి ఇంకా పెంచవచ్చు కదా అని అలుగు ఏదమ్మ చెవిలో గొణిగింది. ఏదమ్మ తల అడ్డంగా ఊపింది. "వాళ్ల తడి వాళ్లదే వదినా. నా అవసరం చూసి ధర దించినవాళ్ల మీద నాకెంత ఒళ్లు మండింది? నేనూ అదే పని చేయనా?"

ఆకు ఎత్తారు. బేరం కుదిరింది. అడవిపిల్లి, "ముప్పై!" అంది. "ముప్పై అయిదు!" అంది. ఆపైన వానలో తడుస్తూ వెళ్లిపోయింది.

ఎండ్రయ్య తన నాలుగు దుంపలు తీసుకుంటుంటే కాకయ్య వచ్చి వాలాడు. "అక్కా, కొనేవాళ్లందరినీ పంపింది నేనే కదా! నా రెండు దుంపలు?"

"పంపావు తమ్ముడూ. పంపి, ఆగమని కూడా చెప్పావు," అంది ఏదమ్మ. అయినా ఒక దుంప తీసి అతని నోట్లో పెట్టింది. అలుగు ఆశ్చర్యపోతే, "ఇది ఉన్నంతసేపైనా నోరు మూసుకుని ఉంటాడు కదా వదినా," అంది. అందరూ ఘొల్లున నవ్వారు. కాకయ్యకు కూడా నవ్వొచ్చింది కానీ, నోరు తెరిస్తే దుంప పడిపోతుందని తెరవలేదు.

వాగు ఇంకా పొంగలేదు. తొలి నీళ్లు కడుపు దాకానే ఉన్నాయి. ఎలాగూ ఇల్లు అమ్ముడైంది, ఇక ఆగడం దేనికని ఏదమ్మ ఆ సాయంత్రమే బయల్దేరింది. ముందు ఎండ్రయ్య అడ్డంగా నడుస్తూ లోతు చూశాడు. వెనక అలుగు దుంపల మూట నెత్తిన పెట్టుకుని, "నీ పక్కింట్లో ఖాళీ ఉంటే చూడు వదినా, ఈసారి నిజంగానే కొంటాను," అంటూ నడిచింది.

అవతలి గట్టెక్కి, కొక్కయ్యకు మిగిలిన ముప్పై ఆరు దుంపలూ అప్పజెప్పి, ఏదమ్మ కొత్త ఇంటి ముందు నేల మీద ఊరికే ఒక గోరు ఆనించింది. నేల విచ్చుకుంది. లోపల తెల్లగా ఒక దుంప కనిపించింది. దాన్ని మూడు ముక్కలు చేసి ముగ్గురూ అక్కడే కూర్చుని తిన్నారు.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, మనకు చేతకాని పనిని ఇంకొకరికి అప్పగించడం తప్పు కాదు. కానీ గొప్పలు చెప్పేవాడినీ, చౌకగా వచ్చేవాడినీ కాక, వస్తువులోని లోపం దాచనివాడినీ, మన మనసులోని గుట్టు చాటనివాడినీ వెతికి చూసి మరీ అప్పగించాలి.